మోంట్‌గోమరీ ఖాళీ బస్సులు

అలబామాలోని మోంట్‌గోమరీలో నల్లవాళ్లు బస్సెక్కాలంటే ముందు తలుపు దగ్గర డబ్బులిచ్చి, కిందికి దిగి, వెనక తలుపు దాకా నడవాల్సి వచ్చేది. ఈలోపే డ్రైవరు బండి లాగించేసిన సందర్భాలూ ఉండేవి. ఇచ్చిన డబ్బులు గోవిందా!

1955 డిసెంబర్ 1న, కుట్టుపని చేసుకునే రోసా పార్క్స్ బస్సులో తెల్లవాళ్ల కోసం సీటు ఖాళీ చేయనంది. అరెస్టు చేశారు. ఆ రాత్రే కాలేజీ అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్ తోటివాళ్లతో కూర్చుని, బస్సులెక్కొద్దంటూ వేల కరపత్రాలు తీసింది.

పాఠ్యపుస్తకాలు మార్టిన్ లూథర్ కింగ్ ప్రసంగాల దగ్గరే ఆగిపోతాయి గానీ, ఉద్యమానికి వంటిళ్లూ దన్నుగా నిలిచాయి. జార్జియా గిల్మోర్ బృందం కేకులు, భోజనాలు అమ్మి, జనాన్ని చేరవేసే కార్ల పెట్రోలు ఖర్చుకు డబ్బు పోగుచేసింది.

బస్సుల బహిష్కరణ సాగింది 381 రోజులు! బస్సుల్లో ఈ వేర్పాటు చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పు అమలయ్యాక, 1956 డిసెంబర్ 21న నల్లవాళ్లు నచ్చిన సీట్లో కూర్చున్నారు. పార్క్స్‌కి మాత్రం ఉన్న ఉద్యోగం పోయింది. 1957లో ఊరు విడిచి డెట్రాయిట్ చేరింది.