నంది, నూరు రోజులు: తెలుగు సినిమా విలువకు రెండు కొలమానాలు - చారిత్రక పరిశీలన

తెలుగు సినిమా చరిత్రను రచించినవారు ప్రధానంగా రెండు ఆధారాలను స్వీకరించారు. మొదటిది పురస్కారం, రెండవది ప్రదర్శన విజయం. పురస్కారాన్ని కళావిలువకు సాక్ష్యంగానూ, వసూళ్లను ప్రజాదరణకు సాక్ష్యంగానూ భావించడం ఆనవాయితీ. ఈ రెండింటి మధ్య వైరుధ్యం సహజమనే అభిప్రాయం కూడా బలంగా ఉంది. అయితే ఈ రెండు కొలమానాలకూ పుట్టుక ఉంది, పరిధి ఉంది, పరిమితి ఉంది. అవి ఏ కాలంలో దేనిని కొలిచాయో గుర్తించకుండా వాటిని ఉదాహరిస్తే చరిత్ర నిర్ణయాలు తారుమారవుతాయి. ఆ కొలమానాల క్రమపరిణామాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పతకం నుంచి నంది వరకు

చలనచిత్రాలకు కేంద్ర ప్రభుత్వ పురస్కారాలు 1954లో ఆరంభమయ్యాయి. తెలుగు విభాగంలో తొలినాటి రాష్ట్రపతి రజత పతకాలలో ఒకటి కె.వి.రెడ్డి దర్శకత్వం వహించిన ‘పెద్దమనుషులు’ (1954) చిత్రానికి లభించింది. మరుసటి సంవత్సరం బి.ఎన్.రెడ్డి ‘బంగారుపాప’కు ఆ గౌరవం దక్కింది. 1957 సంవత్సరానికి రజత పతకం పొందిన తెలుగు చిత్రం బి.ఎన్.రెడ్డిదే అయిన ‘భాగ్యరేఖ’. తరువాతి తరాలు తెలుగు సినిమాకు శిఖరంగా తలచే ‘మాయాబజార్’ ఆ సంవత్సరం విడుదలైన చిత్రమే. దానికి పతకం రాలేదు. దీనిని న్యాయనిర్ణేతల పొరపాటుగా చెప్పడం తేలిక. కాని సాంఘిక ప్రయోజనం, సంస్కరణ దృష్టి, కుటుంబ జీవిత చిత్రణ నాటి ప్రభుత్వ పురస్కారాలకు ప్రధాన లక్ష్యాలు. పౌరాణిక కల్పనలోని హాస్యం, సాంకేతిక ప్రతిభ ఆ లక్ష్యాల పరిధిలోకి సులువుగా ఇమిడేవి కావు. కనుక ఆ పతకం కళావిలువతో పాటు కొత్త రాజ్యం సినిమా నుంచి ఆశించిన ప్రయోజనాన్ని కూడా కొలిచింది.

1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నంది పురస్కారాలను నెలకొల్పింది. లేపాక్షి నంది వాటికి ప్రతీక అయింది. తొలి బంగారు నందిని ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’ అందుకున్నది. దీనికి మూలం కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’. ఈ ఎంపిక సాహిత్య చరిత్రకారులకు కూడా ప్రధానమైనది. పాఠకాదరణ పొందిన ఒక రచయిత్రి నవల, ప్రేక్షకాదరణ పొందిన చిత్రం, ప్రభుత్వ గౌరవం ఈ మూడూ ఒకే చోట కలిశాయి. నంది పుట్టినప్పుడు దానికి, వసూళ్లకు విరోధం లేదని ఈ ఉదాహరణ స్పష్టం చేస్తున్నది.

ఆ విరోధం ఎక్కడ ఆరంభమయిందో కూడా ఆదుర్తి జీవితంలోనే కనిపిస్తుంది. ఆయనా, అక్కినేని నాగేశ్వరరావూ కలిసి చక్రవర్తి చిత్ర సంస్థను స్థాపించి ప్రయోగాత్మక చిత్రాలకు పూనుకున్నారు. బాలనేర సమస్యను తీసుకున్న ‘సుడిగుండాలు’ బంగారు నందిని, ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారాన్ని పొందింది. తరువాత 1970లో ‘మరో ప్రపంచం’ వచ్చింది. ఈ రెండూ ఆర్థికంగా నిలదొక్కుకోలేదు. వ్యాపార చిత్రాల రంగంలో స్థిరపడిన అగ్రనటుడు, అగ్రదర్శకుడు తమ సంపాదనలో కొంత భాగాన్ని సమాజానికి తిరిగి ఇవ్వాలన్న సంకల్పంతో చేసిన పని అది. పురస్కారం గౌరవాన్ని ఇచ్చింది గాని తరువాతి ప్రయోగానికి పెట్టుబడిని సమకూర్చలేకపోయింది. ‘అవార్డు సినిమా’ అన్న మాటలో నేటికీ వినిపించే గౌరవం, జంకు రెండింటికీ బీజం ఇటువంటి అనుభవాలలో ఉంది.

రోజుల లెక్క

రెండవ కొలమానం రోజుల లెక్క. ఒక కేంద్రంలో, ఒకే థియేటర్లో చిత్రం ఎన్ని రోజులు ఆడిందన్నది దశాబ్దాల తరబడి విజయానికి నిర్వచనంగా నిలిచింది. యాభై రోజులు, నూరు రోజులు, ఇరవై అయిదు వారాలు దీనిలోని మెట్లు. శతదినోత్సవం, రజతోత్సవం అన్న మాటలు పత్రికా ప్రకటనల ద్వారా భాషలో స్థిరపడ్డాయి. ప్రింట్ల సంఖ్య పరిమితంగా ఉన్న కాలంలో ఈ లెక్కకు ఒక ఆర్థిక ఆధారం ఉండేది. చిత్రం ముందుగా పెద్ద పట్టణాలలో విడుదలై, తరువాత చిన్న పట్టణాలకు, ఆపై గ్రామీణ కేంద్రాలకు చేరేది. మొదటి కేంద్రాలలో ఎన్నాళ్లు నిలిచిందన్నదానిని బట్టి తరువాతి కేంద్రాలలో దాని ధర నిర్ణయమయ్యేది.

ఈ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. ప్రేక్షకులు తగ్గిన తరువాత కూడా కథానాయకుని ప్రతిష్ఠ కోసం చిత్రాన్ని నూరవ రోజు దాకా నడిపించడం అందరికీ తెలిసిన ఆచారమే. అయినా ఈ లెక్కకు ఒక గుణముంది. అది కాలానికి తీర్పు చెప్పే అవకాశాన్నిచ్చింది. చిత్రం చూసినవారు చూడనివారికి చెప్పడానికి, విన్నవారు థియేటరుకు రావడానికి వ్యవధి దొరికింది.

కె.విశ్వనాథ్ దర్శకత్వంలో ఏడిద నాగేశ్వరరావు నిర్మించిన ‘శంకరాభరణం’ ఇందుకు ప్రబల నిదర్శనం. చిత్రం 1980 ఫిబ్రవరి 2న విడుదలైంది. ప్రసిద్ధ కథానాయకుడు లేడు. ప్రధాన పాత్రధారి జె.వి.సోమయాజులు. మొదటి రోజులలో ప్రేక్షకులు పలుచగా ఉన్నారు. తరువాత నోటిమాటగా ఆదరణ పెరిగి అసాధారణ విజయంగా మారింది. జాతీయ స్థాయిలో ఈ చిత్రానికి లభించిన ప్రధాన పురస్కారం ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన జనరంజక చిత్రం విభాగానికి చెందినది. కె.వి.మహదేవన్, ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, వాణీ జయరాం కూడా జాతీయ పురస్కారాలు పొందారు. జనరంజక చిత్ర విభాగం 1975 సంవత్సరపు చిత్రాలతో ఆరంభమైనది. జనాదరణ, కళావిలువ వేర్వేరు త్రోవలలో నడుస్తున్నాయన్న గుర్తింపే ఆ విభాగానికి మూలం. వాటిని మళ్లీ ఒక చోట కలపడం దాని లక్ష్యం.

రెండు పంచాంగాలు

పరిశోధకులు తరచు విస్మరించే అంశం సంవత్సరం. పురస్కారాలకు ప్రమాణం సెన్సారు ధ్రువపత్రం పొందిన సంవత్సరం. వసూళ్లకు ప్రమాణం విడుదలైన సంవత్సరం. ‘శంకరాభరణం’ 1980 చిత్రమైనా పురస్కారాల జాబితాలో 1979కి చెందుతుంది.  ‘ఆర్.ఆర్.ఆర్.’ 2022 మార్చి 25న విడుదలైంది, 2023 ఆగస్టులో ప్రకటించిన 2021 సంవత్సరపు పురస్కారాలలో ఉత్తమ జనరంజక చిత్రంగా నిలిచింది. ఆ జాబితాలోనే 2021 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప’ చిత్రానికి అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యారు. ఆ విభాగంలో తెలుగు నటునికి లభించిన తొలి గౌరవం అది.

ఈ తేడా కేవలం తేదీల సమస్య కాదు. ఒక సంవత్సరపు పురస్కారాల జాబితాను, అదే సంవత్సరపు విజయాల జాబితాను పక్కపక్కన పెట్టి ‘ప్రజలు ఒకటి మెచ్చారు, నిర్ణేతలు మరొకటి మెచ్చారు’ అని తేల్చే విశ్లేషణలు వేర్వేరు చిత్రాల సమూహాలను పోల్చుతున్నాయి. అంతేకాక ‘ఆర్.ఆర్.ఆర్.’ విషయంలో నిర్ణేతల ప్రకటన వెలువడే నాటికి వసూళ్ల ఫలితం లోకవిదితం. 2023 మార్చిలో ‘నాటు నాటు’ పాటకు ఆస్కార్ కూడా వచ్చి ఉంది. అందువల్ల ఇక్కడ రెండు కొలమానాలను పరస్పరం స్వతంత్రమైన సాక్ష్యాలుగా స్వీకరించడం కష్టం.

వ్యాపార భాషలో చరిత్ర

వసూళ్ల లెక్కలకు ఒక భౌగోళిక భాష ఉంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అన్నవి పంపిణీదారుల ప్రాంతాలు. 1800లో నిజాం బ్రిటిషువారికి అప్పగించిన జిల్లాలను దత్తమండలాలని అన్నారు. 1928 నంద్యాల సభలో ఆ పేరుకు బదులు రాయలసీమ అన్న పేరు వచ్చింది. ఆత్మగౌరవంతో వదులుకున్న ఆ పాత పేరు ఇంగ్లీషు రూపంలో సినిమా వ్యాపారంలో మిగిలిపోయింది. నిజాం పాలన 1948లో ముగిసినా నైజాం ఏరియా కొనసాగుతున్నది. రాష్ట్రం ఏర్పడడం, విడిపోవడం ఈ విభజనను మార్చలేదు. రాజకీయ పటం కంటె వ్యాపార పటం మన్నికైనదని దీనివల్ల తెలుస్తున్నది. భాషాశాస్త్ర పరిశోధనకు ఇది విలువైన సామగ్రి.

వారాంతపు తీర్పు

డిజిటల్ ప్రదర్శనతో ప్రింట్ల పరిమితి తొలగింది. ఒకే రోజున వేలాది తెరలపై విడుదల సాధ్యమైంది. నూరు రోజుల స్థానంలో మొదటి రోజు షేరు, మొదటి వారాంతపు గ్రాసు వచ్చాయి. 2017 ఏప్రిల్ 28న విడుదలైన ‘బాహుబలి’ రెండవ భాగం వేయి కోట్ల గ్రాసు దాటిన తొలి భారతీయ చిత్రం. గ్రాసు మొత్తం టికెట్ల రాబడి. షేరు పన్నులు, థియేటరు అద్దె పోగా పంపిణీదారునికి మిగిలేది. ఈ రెండింటిలో ఏది పేర్కొంటున్నారో చెప్పని అంకె చరిత్రకు ఉపయోగపడదు. టికెట్టు ధరల పెరుగుదలను లెక్కించకుండా రెండు కాలాల అంకెలను పోల్చడమూ అటువంటిదే.

పురస్కారాల పక్షాన కూడా మార్పు వచ్చింది. ‘బాహుబలి’ మొదటి భాగం 2015 సంవత్సరానికి జాతీయ ఉత్తమ చిత్రమైంది. ఆ గౌరవం పొందిన తొలి తెలుగు చిత్రం అదే. నంది పురస్కారాలు 2017 నవంబరు ప్రకటనల అనంతరం నిలిచిపోయాయి. తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరిట స్థాపించిన పురస్కారాలను 2025 జూన్ 14న హైదరాబాదులో ప్రదానం చేసింది. 2024 సంవత్సరపు ఉత్తమ చిత్రం ‘కల్కి 2898 ఏ.డీ.’ భారీ వసూళ్లు సాధించిన చిత్రమే. ‘మా భూమి’ చిత్రంలో కనిపించిన గద్దర్ ‘ఒరేయ్ రిక్షా’ పాటకు వచ్చిన నందిని తిరస్కరించారు. ప్రభుత్వ గౌరవాన్ని కాదన్న కవి పేరు ప్రభుత్వ గౌరవానికే పేరు కావడం పురస్కార చరిత్రలో గమనించదగిన ఘట్టం.

ఉపసంహారం

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. పురస్కారం, వసూళ్లు ఆది నుంచి విరుద్ధమైనవి కావు. ‘డాక్టర్ చక్రవర్తి’ నాడు అవి కలిసి ఉన్నాయి, ‘సుడిగుండాలు’ నాడు విడిపోయాయి, ‘శంకరాభరణం’ నాడు తిరిగి కలిశాయి. రెండవది, ఒక చిత్రాన్ని ఉదాహరించేటప్పుడు సెన్సారు, విడుదల, పురస్కార ప్రకటన తేదీలను మూడింటినీ నమోదు చేయడం అవసరం. మూడవది, కొలమానం మారినప్పుడు కొలిచే విలువ కూడా మారుతుంది. రోజుల లెక్క నిలకడను కొలిచింది, వారాంతపు లెక్క ఆరంభ వేగాన్ని కొలుస్తున్నది. మొదటి వారంలో జనం లేని ‘శంకరాభరణం’ వంటి చిత్రానికి నేటి లెక్కలో అయిదవ వారం దాకా నిలిచే వ్యవధి దొరకడం దుర్లభం. పెద్ద వసూళ్లనే పురస్కారాలు కూడా అనుసరిస్తే ఆ వ్యవధిని ఇవ్వగల వ్యవస్థ మరొకటి మిగలదు. తెలుగు సినిమా చరిత్రకారుడు ఈ లోటును గుర్తించి, అంకెలు నమోదు చేయని చిత్రాలకు కూడా చరిత్రలో చోటు కల్పించవలసి ఉంది.