సీసాపై వ్రాత

ఔషధము రోగి శరీరమున ప్రవేశించును; దాని గుణదోషముల జ్ఞానము మాత్రము చిరకాలము వైద్యుని యొద్దనే నిలిచియుండెను. ఈ జ్ఞానము రోగి చేతికి వచ్చిన చరిత్రమును ఇచ్చట సంగ్రహముగా విచారింతుము.

మన చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములను చెప్పినది: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. రోగికి ఉండవలసిన గుణములును నాలుగు: జ్ఞాపకశక్తి, వైద్యుని యాజ్ఞను పాటించుట, ధైర్యము, తన బాధను తెలియజెప్పగల నేర్పు. రోగి వైద్యునికి చెప్పవలెనని యున్నదే గాని, వైద్యుడు మందును గూర్చి రోగికి చెప్పవలెనను మాట ఈ పట్టికలో లేదు. గ్రీకుల హిప్పోక్రటీసు పేర వ్యాపించిన గ్రంథములలో నొకటి, చికిత్సాసమయమున పెక్కు సంగతులను రోగికి మరుగుపరచుమనియే బోధించినది. ప్రాచీనులను నిందించుట మా యుద్దేశము కాదు. వైద్యుడే మూలికలను దంచి, తన చేతితో మందిచ్చినంతకాలము అతనియందలి నమ్మకమే రోగికి రక్షయై యుండెను. మందులు యంత్రశాలలలో తయారై దూరదేశములకు పోనారంభించిన పిమ్మట ఆ నమ్మకమొక్కటియే చాలదయ్యెను.

1937లో అమెరికాదేశమున టెనెసీ రాష్ట్రపు మాసెంగిల్ సంస్థవారు, సల్ఫనిలమైడు అను మందును త్రాగుటకు అనువుగా చేయదలచి, డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రవ్యములో కరగించిరి. రంగు, రుచి, వాసన చూచిరే గాని, ఏ ప్రాణికైన నిచ్చి పరీక్షింపలేదు. నూర్గురికి పైగా మరణించిరి, వారిలో పసివారనేకులు. 1906 నాటి చట్టము క్రింద పరీక్ష లేకుండ మందమ్ముట నేరము కాదు. 'ఎలిక్సిరు' అని పేరు పెట్టియు అందు మద్యసారము లేకపోవుట నేరము! పేరు తప్పగుటచేతనే ప్రభుత్వము ఆ సీసాలను పట్టుకొనగలిగెను. మందు నిరపాయమని చూపిన పిదపనే అమ్మవలెనని 1938లో క్రొత్త చట్టము వచ్చెను.

అయితే ఆ యేటనే మరియొక వింత జరిగినది. వైద్యుని చీటిపై అమ్మెడు మందులకు వాడుకవిధానమును వ్రాయనక్కరలేదనియు, ఏమైన వ్రాసినచో సామాన్యునికి బోధపడని వైద్యపరిభాషలోనే వ్రాయవలెననియు నిబంధన వెలువడెను. ప్రజారక్షణకై పుట్టిన చట్టము ప్రజలకు తెలియకుండుటయే రక్షణ యని తలంచెను.

ఈ తలంపును కదల్చినవారు స్త్రీలు. 1960లో గర్భనిరోధమునకై ఎనోవిడ్ అను మాత్రకు అనుమతి లభించెను. కొందరికి రక్తము గడ్డకట్టుచున్నదని వైద్యులెరిగిరి. మాత్ర మ్రింగెడువారిలో పెక్కుమందికి ఆ సంగతి తెలియదు. 1969లో బార్బరా సీమన్ అను పత్రికారచయిత్రి ఈ విషయమై గ్రంథము ప్రకటించెను. 1970 జనవరిలో సెనేటరు నెల్సన్ విచారణ నడపగా, ఆ మాత్ర వాడిన స్త్రీలను సాక్ష్యమునకు పిలువరైరి. ఆలిస్ వుల్ఫ్‌సన్ మొదలగువారు సభలో లేచి, మాకేల చెప్పలేదని ప్రశ్నించిరి. నిజము చెప్పిన స్త్రీలు బెదరుదురని కొందరాక్షేపించిరి. తుదకు ఆ యేడే మాత్రలతో రోగికై పత్రమును చేర్చుటకు ఆజ్ఞయయ్యెను; మొదట తలపెట్టిన దీర్ఘపత్రము మాత్రము ఆక్షేపణలచే మిక్కిలి కుదించుకొనిపోయెను. 1980లో మరి పది తరగతుల మందులకు ఇట్టి పత్రములు విధించి, 1982లో ఆ నిబంధనను రద్దుచేసిరి. ఐరోపా సమాజము 1992లో, మందుతోడి పత్రము రోగికి తెలియు భాషలో ఉండవలెనని శాసించెను.

మనదేశమున 1930లో చోప్రా సంఘము ఏర్పడెను. 1940లో ఔషధచట్టమును, 1945లో దాని నిబంధనలును వచ్చెను. చట్టమున్నంతమాత్రన చాలదనుటకు 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రి వృత్తాంతమే సాక్ష్యము. 1937 నాటి విషమే గ్లిసరినులో కలిసి అచ్చట పదునలుగురిని బలిగొనెను. అట్టి కల్తీని ఏ రోగియు చదివి కనుగొనలేడు. అది ప్రభుత్వపరీక్షకుల బాధ్యత. కాని ప్రతి హానియు కల్తీవలననే రాదు. జ్వరమునకు ఒక పేరుతోను, తలనొప్పికి మరియొక పేరుతోను కొనిన మాత్రలు రెండును పారాసిటమాలే కావచ్చును. మితిమీరిన పారాసిటమాలు కాలేయమును చెరచును. ఈ ప్రమాదమును సీసాపై వ్రాత చదువగలవారు తప్పింపగలరు.

ఆ వ్రాత మన యిండ్లలో పెద్దలు చదువలేని ఇంగ్లీషులోనే తరచుగ నుండును. 2023 ఆగస్టునుండి మూడువందల పేర్ల మందులపై క్యూఆర్ గుర్తును ముద్రింపవలెనని నిబంధన కలదు. అదియు ఫోను చేతనున్నవారికే యుపకరించును. కావున ఇంటిలో చదువుకొన్నవారు చేయవలసిన పని యొకటి కలదు. మందు పేరేమి? ఏ బాధకు? ఎంత, ఎన్నినాళ్లు? ఇదివరకు వాడుచున్న మందులతో పొసగునా? ఏ గుర్తు కనబడిన వెంటనే వైద్యునికి తెలుపవలెను? ఈ ప్రశ్నలను వైద్యుని, మందులంగడివాని నడిగి, సమాధానములను తెలుగున వ్రాసి మందులపెట్టెలో నుంచవలెను. భయముచే మందును తమంతట మానుట కూడ హానికరమే. సందేహమును వైద్యునికే చెప్పవలెను.

ఇట్లడుగుట అవినయమని మనవారు, అందును స్త్రీలు, సంకోచింతురు. 1970లో సభలో లేచి నిలిచిన స్త్రీలనును అవినయవతులనిరి. వారడిగినందుననే నేడా పత్రము ఆ మాత్రల పెట్టెలో నున్నది.