మదనపల్లె సంఘం: మారిన పేర్లు, మిగిలిన ప్రశ్న

ఆర్కాటు మిషన్ అనగానే వేలూరు, రాణిపేట జ్ఞప్తికి వస్తాయి. 1853లో స్కడర్ సోదరులు నెలకొల్పిన ఈ అమెరికన్ రిఫార్మ్‌డ్ మిషన్ కేంద్రాలలో అధికభాగం తమిళ సీమలోనివే. దాని తెలుగు ముఖం మదనపల్లె. డాక్టర్ జేకబ్ ఛేంబర్లెన్ 1863లో నాటి కడప జిల్లాలోని ఈ చిన్న పట్టణానికి వచ్చి, వైద్యమూ బోధనా తెలుగులోనే సాగించారు. రిఫార్మ్‌డ్ ఆరాధన క్రమాన్ని ఆయన తెనిగించగా 1873లో మద్రాసులో అచ్చయింది. తమిళులతో ఒకే మిషన్‌లో ఉంటూనే ఇక్కడివారు స్వభాషలో ప్రార్థించుకొన్నారు. పరభాషా ప్రాంతాలలోని తెలుగువారు గమనింపదగిన విషయమిది.

సంఘపాలన ప్రెస్బిటీరియన్ పద్ధతిలో సాగింది. బిషప్పు లేడు. కాపరి, సంఘపు పెద్దలు కలిసి కూర్చుండి వ్యవహారాలు తీర్చేవారు. వారిపైన 1854లో ఏర్పడిన ఆర్కాటు క్లాసిస్ అనే సభ ఉండేది.

మొదటి ఐక్యత సులువుగానే జరిగింది. స్కాట్లండు మిషన్‌వారిదీ ఇదే పద్ధతి గనుక ఇది అన్నదమ్ముల కలయిక వంటిది. 1902లో ఆ ఐక్య సినడుకు ప్రథమాధ్యక్షుడు ఛేంబర్లెన్ గారే. 1908లో కాంగ్రిగేషనల్ సంఘాలు కూడా చేరగా దక్షిణ ఇండియా ఐక్య సంఘం అవతరించింది. దానిని చూడకుండానే ఆయన అదే సంవత్సరం మార్చిలో మదనపల్లెలో కన్నుమూశారు.

అసలు చిక్కు 1919లో తరంగంబాడి సమావేశంతో ఆరంభమయింది. ఆంగ్లికన్లతో కలియవలెనన్న బిషప్పును అంగీకరింపవలె. బిషప్పు చేతులుంచని కాపరి నిజమైన కాపరియేనా? ఈ ఒక్క ప్రశ్నపై చర్చలు ఇరువది ఎనిమిది సంవత్సరాలు సాగాయి. పెద్దల సభను నమ్మి బ్రతికిన సంఘాలకు ఇది గౌరవానికి సంబంధించిన మాట. తమకు బాప్తిస్మమిచ్చిన కాపరులు సగం కాపరులని ఒప్పుకొనుట వారికెట్లు సాధ్యం? కడకు కుదిరిన మార్గం వివేకవంతమైనది. ఉన్న కాపరులకు మరల అభిషేకం అక్కరలేదు. ఇకముందు అభిషేకాలు మాత్రం బిషప్పులే చేయవలె. మనస్సాక్షికి విరుద్ధమైన ఆరాధననుగాని, కాపరినిగాని ఏ సంఘంపైనా రుద్దరాదని వాగ్దానం కూడా చేసుకొన్నారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో, మెథడిస్టులతో సహా అందరూ కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు.

విచిత్రమేమనగా, అదే రాయలసీమలో నంద్యాల ఆంగ్లికన్లలో పెక్కుమందికి ఈ రాజీ సమ్మతం కాలేదు. బిషప్పు అలవాటు లేని మదనపల్లె లోపలికి వెళ్లింది. బిషప్పునే నమ్మిన నంద్యాల బయట నిలిచింది. నంద్యాల 1975లో చేరింది.