బొబ్బిలి కోట: మట్టి గోడా, ఇరుగుపొరుగు తగువూ

మొన్న పై పొలం రైతుకీ నాకూ కాలువ నీళ్ల కాడ మాటా మాటా పెరిగింది. "బయటి నుంచి నలుగుర్ని తెచ్చి తేల్చేస్తా" అని ఇంటికొచ్చి కేకలేశాను. మా ఇంటావిడ అన్నం పెడుతూ ఒకటే అంది: "వచ్చినోళ్లు ఊరికే ఎళ్తారేటి?" ఆ మాటకి బొబ్బిలి గుర్తొచ్చింది. అందుకే ఈ పోస్టు.

బొబ్బిలి మనకి దూరమేమీ కాదు. అనకాపల్లి, విజయనగరం మీదుగా వెళ్లొచ్చు. ఇప్పుడక్కడ కనిపించే కోట తర్వాతి కాలంలో కట్టింది. 1757లో యుద్ధం జరిగిన కోట వేరు. అది మట్టి కోట.

శ్రీకాకుళం నవాబు షేర్ మహమ్మద్ ఖాన్ వెంట వచ్చిన వెలమ దొర పెద్దారాయుడికి ఈ సీమ దక్కింది. షేర్ అంటే పులి. ఆయన పేరు మీదే బెబ్బులి అని పెడితే అదే బొబ్బిలి అయిందంటారు.

మట్టి కోట అంటే చులకన చెయ్యకండి. మన తాతలు ఇంటికి మట్టి గోడ ఎలా పెట్టేవారో గుర్తు చేసుకోండి. బంకమన్ను తడిపి, గడ్డి కలిపి, కాళ్లతో తొక్కి ఒక వరస వేసేవారు. అది ఎండాకే దాని మీద ఇంకో వరస. తొందరపడితే గోడ జారిపోతుంది. కోట గోడకీ అదే పద్ధతి, కాకపోతే చాలా మందం. మూలల్లో బురుజులు, చుట్టూ దట్టమైన అడవి. ఫ్రాన్సులో కూడా పల్లెటూరి దొరలు ఇంటికే ప్రహరీ, బురుజులు, కందకం పెట్టి కోటలా కట్టుకునేవారు. వాళ్లది రాయి, మనది మన్ను. రెండూ దొంగల్నీ పక్క దొరల్నీ ఆపడానికే. మట్టి గోడకి ఒక గుణం ఉంది. గుండు తగిలితే రాయిలా పగలదు, లోపలికి మింగేస్తుంది. కానీ ఒకే చోట మళ్లీ మళ్లీ కొడితే జారి కుప్ప అవుతుంది. ఆ కుప్పే శత్రువుకి మెట్టు.

బొబ్బిలి రాజు రంగారావుకీ, విజయనగరం రాజు విజయరామరాజుకీ పాత పగ. ఆనుకుని ఉన్న భూములు. నీళ్ల తగాదాలూ ఉండేవని చెబుతారు. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారుల్ని ఫ్రెంచి వాళ్లకిచ్చాడు. వాళ్ల సేనాని బుస్సీ కప్పం వసూలుకి ఇటొచ్చాడు. విజయరామరాజు ఆయన్ని బొబ్బిలి మీదికి తెచ్చాడు. బొబ్బిలి వదిలేస్తే వేరే చోట ఇంతకంటే మంచి భూములిస్తామని బుస్సీ కబురు పెట్టాడు. రంగారావు ఒప్పుకోలేదు. తాతల నాటి భూమికి బదులు ఇంకో చోట ఇస్తామంటే ఎలా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

1757 జనవరి 24. తెల్లారుతూనే ఫిరంగులు మొదలయ్యాయి. బురుజులు విరిగినా లోపలివాళ్లు గంటల తరబడి నిచ్చెనలెక్కేవాళ్లని తోసేశారు. ఇక నిలవదని తేలాక, శత్రువుల చేతికి చిక్కకూడదని ఇళ్లకి నిప్పు పెట్టారు. ఆడవాళ్లూ పిల్లలూ అందులోనే పోయారు. రంగారావూ చనిపోయాడు. ఆయన కొడుకు ఒక్కడు బతికి బయటపడ్డాడు. అప్పటికి రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు, మూడో రాత్రి విజయరామరాజు గుడారంలో దూరి పొడిచి చంపాడు. 1964లో వచ్చిన ఎన్టీఆర్ సినిమా చూసినవాళ్లకి ఈ కథ తెలుసు. సినిమాలో మనం పాపారాయుడి కత్తినే చూశాం, తగువు ఎక్కడ మొదలైందో చూడలేదు.

తర్వాతేమైంది? విజయనగరం గద్దెక్కిన ఆనంద గజపతి ఫ్రెంచి వాళ్లని వెళ్లగొట్టడానికి ఇంగ్లీషు వాళ్లని పిలిచాడు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచి వాళ్లు ఓడారు. ఆ మరుసటేడు మచిలీపట్నం కూడా పోగొట్టుకున్నారు. ఇంగ్లీషువాళ్లు మాత్రం 1947 దాకా కదల్లేదు. గెలిచిన రాజు మూడు రోజులు బతికాడు. పిలిచినవాళ్లు రెండొందల ఏళ్లు ఉన్నారు.

మర్నాడు పొద్దున్నే నేనే పై పొలం గట్టెక్కాను. వారంలో నాలుగు రోజులు ఆయనకి, మూడు రోజులు నాకు అని తేల్చుకున్నాం. నాకు ఒక రోజు తగ్గింది. పర్లేదు, గట్టు మా ఇద్దరి మధ్యే ఉంది.