అసలు ప్రతి, సవరించిన ప్రతి

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర రాసేంత పాండిత్యం నాకు లేదు. గుమాస్తాగా 35 ఏళ్లు చేసిన ఉద్యోగంలో ఆరేళ్లు ఆయుధ లైసెన్సుల సీటు చూశాను. నా చేత్తో ఒక్క తూటా పేల్చి ఎరగను. అయినా ఆ సీటులో చూసిన ఒక రైఫిలు కథ చెప్పదలిచాను.

1980 దశకంలో ఒకసారి ఎన్నికలకు ముందు లైసెన్సుదార్ల తుపాకులు తనిఖీ చేస్తున్నాము. అడవి పక్క ఊరి పెద్దరైతు ఒకాయన .405 రైఫిలు తెచ్చాడు. నేను పాత రిజిస్టరు చూసి నంబరు ఎక్కించబోతుంటే, "కాగితం చూసి కాదు బాబూ, ఇనుము మీద చూసి రాయండి" అన్నాడు. చూస్తే నిజమే, రిజిస్టరులో ఒక అంకె తప్పు. దిద్దాను. తయారీ కాలములో మాత్రం ఎవరో ఏనాడో రాసిన "ఇంగ్లీషు రైఫిల్" అన్న మాట అలాగే వదిలేశాను. గొట్టం మీద అమెరికా కంపెనీ పేరు కనిపిస్తూనే ఉంది. కొన్నేళ్లకు ఆయన కాలం చేస్తే, కొడుకులు రైఫిలును సర్కారుకు అప్పగించారు.

అది వించెస్టర్ 1895 మోడల్. దాన్ని రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగ్. అంతకు ముందరి వించెస్టర్ లివరు రైఫిళ్లలో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉండేవి. మొన తేలిన గుండ్లు వాడితే, ముందున్న తూటా అడుగున వెనుకదాని మొన తగిలి పేలే ప్రమాదం ఉండేది. బ్రౌనింగ్ తూటాలను ఒకదానిపై ఒకటి పేర్చే పెట్టెను లివరు ముందు అమర్చి ఆ చిక్కు తీర్చాడు. 1904లో దీనికోసం .405 తూటా వచ్చింది. గుండు బరువు 300 గ్రెయిన్లు, అంటే 19 గ్రాముల పైమాట. 1909లో ఆఫ్రికా వేటకు వెళ్లిన అమెరికా మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ రైఫిలునే వెంట తీసుకువెళ్లాడు. మొత్తం తయారైనవి సుమారు 4,26,000. అందులో దాదాపు 2,93,000 మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యా సైన్యానికే వెళ్లాయి.

మనకూ ఈ రైఫిలుతో ఒక బంధం ఉంది. 1910లో మన బొల్లారంలో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ దక్షిణ భారత అడవుల్లో నరభక్షక పులులను వేటాడినది ఈ .405 వించెస్టర్‌తోనే. నాటి చిత్తూరు జిల్లాలోని చామల లోయ పులి కథ ఆయన పుస్తకంలో ఉంది. ఆయన 1974లో మరణించాడు. అప్పటికి రెండేళ్ల క్రితమే వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1991 సవరణతో మిగిలిన కాస్త వేటకూ తలుపులు మూసుకున్నాయి. అది మంచికే జరిగింది.

అమెరికాలో ఈ మోడల్ తయారీ 1940 నాటికి ఆగిపోయింది. మళ్లీ 1984లో బ్రౌనింగ్ కంపెనీ పేరుతోను, 2000 ప్రాంతంలో వించెస్టర్ పేరుతో .405లోను కొత్తవి వచ్చాయి. ఈ కొత్తవి జపాన్‌లోని మిరోకు కార్ఖానాలో తయారయ్యాయి.

2012లో మా అబ్బాయి దగ్గరికి టెక్సాస్ వెళ్లినప్పుడు, ఒక తుపాకుల దుకాణంలో పాతదీ కొత్తదీ పక్కపక్కన చూశాను. దూరం నుంచి కవల పిల్లల్లా ఉన్నాయి. దగ్గరికి వెళితే తేడాలు తెలిశాయి. కొత్తదానికి మెడ మీద వేలితో జరిపే భద్రతా మీట ఉంది. పాతదానికి అది లేదు. గుర్రాన్ని సగం ఎత్తి నిలపడమే దాని భద్రత. ఉక్కును చేసే పద్ధతీ, గట్టిపరచే పద్ధతీ ఈ వందేళ్లలో చాలా మెరుగుపడ్డాయి. పాత తూటాల ప్రైమర్ మందు నుంచి వచ్చే లవణాలు గొట్టంలో తేమ పట్టి తుప్పు రేపేవి. అందుకే పేల్చిన రోజే నీళ్లతో కడిగి నూనె పట్టించాలి. మన వానాకాలంలో అది ఒక్కరోజు తప్పినా గొట్టం లోపల గుంటలు పడేవి. పాతదాన్ని నిపుణుడికి చూపించకుండా పేల్చకూడదని దుకాణదారు చెప్పాడు. వాడకానికి కొత్తదే మేలన్నాడు. అయినా ధర చీటీ చూస్తే పాతదే ఎక్కువ!

కారణం అడిగాను. నంబరు చూస్తే అది ఏ సంవత్సరంలో తయారైందో చెప్పవచ్చునట. దాని మీది ప్రతి గీతా ఎవరో ఒకరి చేతి గుర్తేనట. అప్పుడు నాకు మన ఆఫీసు నియమం గుర్తొచ్చింది. నకలు రాసే గుమాస్తా అసలులో తప్పున్నా దిద్దకూడదు. దిద్దితే అది నకలు కాదు, సవరించిన ప్రతి. ఆ జపాను రైఫిలు నిక్షేపమైన సవరించిన ప్రతి. దాన్ని చిన్నచూపు చూడనక్కర్లేదు. కాని సాక్ష్యం కావాలంటే అసలు ప్రతే కావాలి.

అక్కడే నిలబడి ఆ పెద్దరైతు రైఫిలు నంబరు గుర్తు చేసుకోబోయాను. ఒక్క అంకె గుర్తు రాలేదు. ఆయన పట్టుబట్టి దిద్దించిన ఆ నంబరు ఒక్కటే దాని వయసు చెప్పగలిగేది. నేను దిద్దకుండా వదిలేసిన "ఇంగ్లీషు" అన్న మాట దాని పుట్టిల్లునే మార్చేసింది. ఇప్పుడు ఆ రిజిస్టరు ఎక్కడుందో, ఆ రైఫిలు ఏమైందో!

సభ్యులకు నా మనవి ఒకటే. మీ ఇంట్లో తాతల నాటి గడియారమో, కుట్టు మిషనో, పెట్టె కెమెరానో ఉంటే, దాని మీది పేరూ నంబరూ చూసి ఒక కాగితం మీద రాసి పెట్టండి. ఎవరు కొన్నారో, ఎక్కడ కొన్నారో కూడా రాయండి. కాగితం చూసి కాదు, ఇనుము మీద చూసి రాయండి.