తెప్పకు మోటారు: శ్రీకాకుళం తీరంలో ఒక పనితనపు చరిత్ర

ఆమదాలవలసను ఒరుసుకుంటూ పారే నాగావళి, శ్రీకాకుళం పట్టణం దాటి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, వేట పడవలకు నీడనిచ్చే హార్బరు చాలాకాలం లేకపోవడంతో, వాడబలిజలు, జాలరులు తరతరాలుగా ఇసుక ఒడ్డు నుంచే తెప్పలను నెట్టుకుని, కెరటాలకు ఎదురెక్కి వేటకు వెళ్ళారు. తేలిక కలప దుంగలను తాళ్ళతో బిగించి కట్టే తెప్పకు తెడ్డు, తెరచాప తప్ప వేరే బలం లేదు.

1909లో అమెరికాలోని మిల్వాకీలో ఓలే ఎవిన్‌రూడ్ అమ్మకానికి తెచ్చిన ఔట్‌బోర్డ్ మోటారు, అంటే పడవ లోపల కాక వెనుక పలకకు బయట బిగించే ఇంజను, ఇటువంటి తీరానికి అమరడానికి కారణం దాని వేగం కన్నా, ఒడ్డు చేరేటప్పుడు పంకా ఇసుకకు తగలకుండా మొత్తం మోటారును పైకి వాల్చగలిగే వీలే. హార్బరు లేని తీరాలకు తగిన పడవల కోసం 1979లో మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమం ప్రయోగాలు చేసింది. 1980ల నుంచి సంప్రదాయ పడవలకు మోటార్లు అమర్చుకోవడానికి ప్రభుత్వ రాయితీలు అందాయి. అయితే దుంగల తెప్పకు మోటారు తగిలించే పలక లేదు కనుక, ఫైబరు తెప్పలు వచ్చిన తరువాతనే ఆ అమరిక నిజంగా కుదిరింది.

మోటారు వచ్చాక దానిని కాపాడుకునే విద్య కూడా అవసరమైంది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం ఉంటుంది. పైగా ఇక్కడి మత్స్యకారులు అనేకులు గుజరాత్‌లోని వెరావల్‌కు వలస పోతారు. అలా వెళ్ళినవారిలో 2018 నవంబరులో పాకిస్తాన్‌కు చిక్కినవారు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. మనిషి ఊరిలో లేని ఇంట మోటారు మూలనపడుతుంది.

అటువంటి పాత మోటారును వెంటనే తాడు లాగి నడిపితే చెడుతుంది. ముందుగా స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలలో కొద్దిగా నూనె పోసి, పైనున్న చక్రాన్ని చేతితో నెమ్మదిగా తిప్పి, పిస్టన్లు పట్టేయలేదని తేల్చుకోవాలి. కింది పెట్టెలోని గేరు నూనె పాలరంగుకు తిరిగి ఉంటే లోనికి నీరు చేరినట్టే. సముద్రపు నీటిని పైకి తోడి ఇంజనును చల్లబరిచే చిన్న రబ్బరు చక్రం నిలవ ఉంటే బిరుసెక్కుతుంది గనుక దానిని మార్చక తప్పదు. కార్బురేటరులో జిగురుగా పేరుకున్న పాత ఇంధనాన్ని కడగాలి. ఆపైన మోటారు అడుగు భాగాన్ని నీళ్ళ డ్రమ్ములో ముంచి నడిపి, పక్కనున్న సన్నని రంధ్రం నుంచి నీటి ధార ఆగకుండా వస్తోందా అని చూడాలి.

పెట్టె విప్పకుండా ఉండిపోయిన మోటారైనా, కొత్త రింగులు వేసినదైనా, కోడెదూడను కాడికి మప్పినట్టు మెల్లగా మప్పవలసిందే. పాత రెండు స్ట్రోకుల మోటార్లలో చాలావాటికి మొదటి పది గంటలు 25 పాళ్ళ పెట్రోలుకు 1 పాలు నూనె కలిపి, ఎడతెగకుండా పూర్తి వేగంతో నడపకుండా ఉండాలి. ఆ తరువాత 50కి 1 సరిపోతుంది. కిరోసిన్ మోటారును పెట్రోలుతో వేడెక్కించి కిరోసిన్‌కు మార్చడం, ఆపేముందు మళ్ళీ పెట్రోలుకు తిప్పడం, ఒడ్డుకు వచ్చాక మంచినీటితో లోపలి ఉప్పు కడగడం రోజువారీ పనులు.

రాయితీల లెక్కలు, పడవల లెక్కలు దస్త్రాలకెక్కాయి. ఈ పనితనం మాత్రం ఎక్కువగా చేతి నుంచి చేతికే సాగుతోంది. తీరంలోని మెకానిక్కుల నోట విని, మత్స్యశాఖ దీనిని తెలుగులో ఒక చిన్న పుస్తకంగా వేయించడం అవసరం.