అడవి నుండి ప్రయోగశాలకు: ఆదిలాబాద్, కరీంనగర్ జిల్లాల ఔషధ మొక్కల పరిశోధన – చారిత్రక పరిశీలన

కీలకపదాలు: జాతివృక్షశాస్త్రం, మొక్కల సారాలు, బాక్టీరియా నిరోధకత, యాంటీఆక్సిడెంట్, గిరిజన వైద్యం.

1. ఉపోద్ఘాతం

ఉత్తరాన పెన్‌గంగ, తూర్పున ప్రాణహిత, దక్షిణాన గోదావరి హద్దులుగా గల ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా గోండులు, కొలాములు, నాయకపోడుల నివాసభూమి. గోదావరి దక్షిణపు ఒడ్డున ఉమ్మడి కరీంనగర్ జిల్లా ఉంది. ఇక్కడి మందు మొక్కల జ్ఞానం తరతరాలుగా నోటిమాటగా సాగింది. అది గ్రంథాలకు, అక్కడి నుండి ప్రయోగశాలకు చేరిన క్రమాన్ని, ఆ క్రమంలో జారిపోగల అంశాలను పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. నమోదు దశ

పార్ట్రిడ్జ్ 1911లో నిజాం రాజ్యపు అటవీ వృక్షాలపై గ్రంథం వెలువరించాడు. 1915లో గ్యాంబుల్ ప్రారంభించిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షగ్రంథం పరిధిలోకి ఈ ప్రాంతం రాలేదు. మొక్క పేరుతోపాటు ప్రజల వాడకాన్నీ నమోదు చేసే జాతివృక్షశాస్త్ర దృష్టితో, ఈ రెండు జిల్లాలనే క్షేత్రంగా తీసుకొని రవిశంకర్ 1990లో కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి సిద్ధాంతగ్రంథం సమర్పించారు.

3. పరీక్ష దశ

1958లో బ్లాయిస్ ప్రతిపాదించిన డీపీపీహెచ్ పద్ధతిలో, ఊదారంగు ద్రావణం మొక్క సారంతో కలిసి పసుపురంగుకు తిరిగే మేరకు యాంటీఆక్సిడెంట్ శక్తిని లెక్కిస్తారు. 1966లో బాయర్, కిర్బీ బృందం ప్రామాణీకరించిన పద్ధతిలో, బాక్టీరియా పెరిగే అగర్ పళ్లెంలో కాగితపు బిళ్ల చుట్టూ ఏర్పడే ఖాళీ వలయాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. ఇది యాంటీబయాటిక్‌ల కోసం ఏర్పడిన కొలత. నీటిలో కరగని పదార్థాలు అగర్‌లో సరిగా వ్యాపించవు కనుక, చిన్న వలయం మొక్క నిష్ప్రయోజకమనడానికి రుజువు కాదు. పెద్ద వలయం రోగం నయమవుతుందనడానికీ రుజువు కాదు.

4. జారిపోగల అంశాలు

మొదటిది పేరు. ‘గలిజేరు’ అనే వ్యవహారం బోర్‌హేవియా డిఫ్యూజాకూ, వేరే కుటుంబానికి చెందిన ట్రయాంథిమా పోర్టులాకాస్ట్రమ్‌కూ ఉంది. ఎండబెట్టి భద్రపరచిన నమూనా లేకపోతే పరీక్షించినది ఏదో తేలదు. రెండవది తయారీ. నల్లజీడి రసం చర్మాన్ని పొక్కిస్తుంది. సంప్రదాయ వైద్యం దానిని శుద్ధి చేశాకే వాడుతుంది. పచ్చి గింజ సారంపై వచ్చిన ఫలితం ఆ మందు ఫలితం కాదు. మూడవది ద్రావకం. వైద్యుడు నీటిలో కషాయం కాస్తే ప్రయోగశాల తరచుగా మిథనాల్ వాడుతుంది. రెండింటిలోకి దిగే పదార్థాలు ఒకటి కావు. నాలుగవది స్థలం. 2016 జిల్లాల పునర్విభజనతో పాత నమూనాల చీటీలపై ఉన్న జిల్లా పేరు నేటి పటంతో సరిపోలకపోవచ్చు.

5. ముగింపు

పరీక్ష అడవిలోనే మొదలవుతుందని ఈ చరిత్ర తెలుపుతుంది. మొక్కను సరిగా గుర్తించి, వాడే తీరును చెప్పినవారి నుండి వివరంగా నమోదు చేసినప్పుడే వలయపు కొలతకు అర్థం ఉంటుంది. 2002 జీవవైవిధ్య చట్టం స్థానిక జ్ఞానం వినియోగంతో కలిగే ప్రయోజనంలో ఆ జ్ఞానధారులకు వాటాను గుర్తించింది. ఎవరు చెప్పారో నమోదు కాని చోట ఆ వాటా ఎవరికి చెందాలో నిర్ణయించడం కష్టం.